వేలిముద్ర పడకపోతే బియ్యం ఆపొచ్చా?

గోదారిగట్టు:

సూటిగా అడుగుతున్నాను. రేషన్ కార్డు చేతిలో ఉంది, మనిషి ఎదురుగా ఉంది, ఊరంతటికీ తెలిసిన మనిషే. రేషన్ షాపులో వేలిముద్ర చూసే ఈ-పాస్ మెషీన్ మాత్రం సరిపోలేదంటోంది. ఆ నెల బియ్యం ఇవ్వాలా, వెనక్కి పంపాలా?

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఇవ్వాలి. ముందు బియ్యం తూచి పోయాలి, తేల్చుకోవాల్సింది ఏదైనా ఉంటే తర్వాత తేల్చుకోవాలి. మెషీన్ తప్పు చేస్తే ఆ నష్టం మెషీన్ పెట్టినవాళ్లు భరించాలి. ఇప్పుడు భరిస్తున్నది సంచి పట్టుకుని వచ్చిన మనిషి.

టెక్నాలజీ మంచిదా, చెడ్డదా అనే చర్చ నాకు అక్కర్లేదు. దానికి అంతూ పొంతూ ఉండదు. ఒకే రకం టెక్నాలజీ రెండు చోట్ల రెండు రకాల ఫలితాలు ఇచ్చిన సంగతి మీ ముందు పెట్టాలని ఇది మొదలుపెట్టాను. ఆ రెండింట్లో ఒకటి మన దగ్గరే జరిగింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్రతో పనిచేసే స్మార్ట్‌కార్డుల మీద ఇవ్వడం మొదలైనప్పుడు, ఏ మండలంలో ముందు పెట్టాలి, ఏ మండలంలో తర్వాత పెట్టాలి అనేది లాటరీ తీసి నిర్ణయించారు. 157 మండలాలు, కోటీ 90 లక్షల జనాభా. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు దీని ఫలితాలను 2016లో ప్రచురించారు. కూలి డబ్బు త్వరగా చేతికి వచ్చింది. మధ్యలో మాయమయ్యే సొమ్ము బాగా తగ్గింది. పని దొరకడం ఎవరికీ తగ్గలేదు. జనం కూడా కొత్త పద్ధతే నయమన్నారు. అయితే రెండేళ్లు గడిచాక కూడా సుమారు సగం చెల్లింపులే కార్డు మీద జరుగుతున్నాయి. కార్డు రానివాళ్లకి పాత పద్ధతిలో డబ్బు ఇస్తూనే వచ్చారు. ఎవర్నీ ఖాళీ చేతులతో పంపమని చెప్పలేదు.

అదే ముగ్గురు తర్వాత జార్ఖండ్ రేషన్ మీద ఇంకో పరిశోధన చేశారు. అక్కడ ఆధార్ వేలిముద్ర పడితేనే సరుకు. తప్పనిసరి చేసిన మొదటి దశలో దొంగతనం సగటున తగ్గలేదు. కార్డుకి ఆధార్ లింక్ అవని కుటుంబాలకి అందే సరుకు మాత్రం 10 శాతం తగ్గింది.

రెండు చోట్లా వేలిముద్రే. తేడా అంతా వేలిముద్ర పడనప్పుడు ఏం చెయ్యాలన్న నిబంధనలో ఉంది. ఆ నిబంధన రాసేది మనుషులు. కాబట్టి "సిస్టమ్ తీసుకోవట్లేదమ్మా" అనే జవాబుని నేను జవాబుగా ఒప్పుకోను. మీరేమంటారు?


నల్గొండ రైతుబిడ్డ:

గోదారిగట్టు గారూ, మీరు చెప్పింది విన్నాను. నేను ఒప్పుకోను.

మెషీన్ రాకముందు మా ఊళ్లో రేషన్ ఎట్లా ఉండేదో చూసినవాణ్ణి. చనిపోయినవాళ్ల పేర్ల మీద కార్డులు. పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్లల యూనిట్లు తీసేయకుండా ఏళ్ల తరబడి వాడుకోవడం. "ఈ నెల కోటా రాలేదు" అని చెప్పి రాత్రికి రాత్రి బస్తాలు ట్రాలీ ఆటోలో తరలించడం. అప్పుడు కూడా పేదవాడే ఖాళీ సంచితో ఇంటికి పోయాడు. ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలిసేది కాదు, ఎందుకంటే రికార్డులో వాడు బియ్యం తీసుకున్నట్టే సంతకం ఉండేది.

మెషీన్ వచ్చాక కనీసం నా పేరు మీద ఇంకొకడు తీసుకోలేడు. ఇంకో మాట. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణ మధ్య పోర్టబిలిటీ మొదలైంది. శ్రీకాకుళం నుంచి వచ్చి హైదరాబాద్‌లో కట్టడం పని చేసుకునే మనిషి ఇక్కడి షాపులోనే తన బియ్యం తీసుకోగలుగుతున్నాడు. వేలిముద్ర లేకుండా ఇది అయ్యే పనేనా? ఇక్కడి డీలర్‌కి ఆ మనిషి ఎవరో తెలియదు. ఊరందరికీ తెలిసిన మనిషి అనే మీ వాదన సొంత ఊళ్లో ఉన్నవాడికే పనికొస్తుంది. వలస పోయినవాడికి మెషీనే సాక్షి.

జార్ఖండ్ గురించి కూడా పూర్తిగా చెప్పండి. 2017 జూలై నుంచి మెషీన్‌లో నమోదైన లెక్క ప్రకారమే షాపులకి సరుకు పంపడం మొదలుపెట్టాక అక్కడ దొంగతనం బాగా తగ్గింది. అదీ ఆ పరిశోధనలోనే ఉంది.


గోదారిగట్టు:

ఉంది. అదే చోట ఇంకో సంగతి కూడా ఉంది. ఆ దశలో దొంగతనంతో పాటు అసలు హక్కుదారులకి అందే సరుకూ తగ్గింది. పాత స్టాకు మిగిలి ఉందని మెషీన్ లెక్క చూపిస్తే, షాపుకి ఆ మేరకు తక్కువ పంపారు. అంతకుముందే బయటికి వెళ్లిపోయిన బస్తాలకి ఆ నెల లైన్లో నిలబడ్డవాళ్లు మూల్యం చెల్లించారు. నేను మొదటి పోస్టులో అన్నది ఇదే.

దొంగతనం విషయానికి వస్తే, మెషీన్ ఆపింది ఒక రకం దొంగతనాన్ని. 2024 నవంబర్ చివర్లో కాకినాడ పోర్టులో ఆఫ్రికా వెళ్లాల్సిన స్టెల్లా ఎల్ అనే ఓడలో రేషన్ బియ్యం దొరికిన సంగతి అందరం టీవీలో చూశాం. ఆ నాటికి ఆంధ్రలో షాపుల్లో ఈ-పాస్ వచ్చి తొమ్మిదేళ్లు. ప్రతి గింజకీ ఎక్కడో ఒక వేలిముద్ర ఉండాలి కదా? వేలిముద్ర వేయించుకుని కిలోకి ఇంత అని చేతిలో పెట్టి కొనుక్కుంటున్నారు, లేదా గోడౌన్ దగ్గరే పక్కకి పోతోంది. మిల్లులో పాలిష్ పట్టి ఓడ ఎక్కిస్తున్నారు. అంత పెద్ద ఎత్తున సాగేదాన్ని వేలిముద్ర ఆపలేకపోయింది. ముసలావిడ పది కిలోల్ని మాత్రం ఆపగలుగుతోంది.


చౌకదుకాణం:

నేను రేషన్ డీలర్ని. ప్రకాశం జిల్లా పడమటి వైపు. పైన డీలర్ల గురించి రాసినవి చదివాను, అందులో నిజం లేదని అనను. నా వైపు నుంచి ఏం జరుగుతుందో రాస్తాను.

మా దగ్గర మిరపకాయల కోతలప్పుడు చూడాలి. నెలల తరబడి కాయ కోసి, తొడిమలు తీసి, కళ్లంలో ఎండబెట్టిన చేతులు. వేలి కొన అద్దంలా నున్నగా అయిపోతుంది, లేదా పగిలి ఉంటుంది. బొటనవేలు పెడతారు, ఎర్ర లైటు. ఇంకో వేలు పెట్టమంటాను. తడిగుడ్డతో తుడుచుకుని మళ్లీ పెడతారు. చర్మం మరీ ఎండిపోయి ఉంటే, తలకు రాసుకున్న నూనె కాస్త వేలికి అంటేలా జుట్టు మీద రుద్దుకుని పెడతారు, ఒక్కోసారి అప్పుడు పడుతుంది. పది వేళ్లూ అయ్యేసరికి వెనకాల లైన్లో గొడవ మొదలవుతుంది. ఇదంతా సిగ్నల్ ఉన్నప్పటి మాట. సర్వర్ స్లో అయితే వేలు పడిందో లేదో కూడా తెలియదు, గిర్రున తిరుగుతూ ఉంటుంది.

కంటిపాప చూసి గుర్తుపట్టే ఐరిస్ మెషీన్ ఉంది. శుక్లాలు వచ్చినవాళ్లకి, ఆపరేషన్ అయినవాళ్లకి అదీ ఇబ్బందే. మా రాష్ట్రంలో వీఆర్వో వేలిముద్రతో ఇచ్చే వెసులుబాటు కూడా పెట్టారు. మంచి ఏర్పాటు. కానీ ఆ రోజు వీఆర్వో సర్వే పనిలోనో మండలాఫీసులోనో ఉంటే ఆ వెసులుబాటు ఉన్నా లేనట్టే.

"తెలిసిన మనిషే కదా, నువ్వే ఇచ్చెయ్యి" అంటారు. ఇచ్చేస్తే ఏమవుతుందో చెప్తాను. మెషీన్‌లో నమోదు కాని ప్రతి కిలో నా స్టాకులో మిగిలి ఉన్నట్టే చూపిస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్లు మెషీన్ బ్యాలెన్స్ చూస్తారు, గదిలో బస్తాలు లెక్కపెడతారు. తేడా వస్తే నా మీద కేసు. జాలిపడి ఇచ్చినవాడూ, దొంగతనంగా అమ్ముకున్నవాడూ ఆ లెక్కలో ఒకటే. అందుకే చాలామంది డీలర్లు "రేపు రండి" అని పంపేస్తారు. ఆ రేపటికి వాళ్లు ఒక పూట కూలి వదులుకుని రావాలి. అది నాకు తెలుసు, వాళ్లకీ తెలుసు.

నల్గొండ అన్నా, మెషీన్ వద్దని నేనూ అనను. పోర్టబిలిటీ వచ్చాక పక్క ఊరి షాపుకి పోయే వీలుండబట్టి డీలర్ల మర్యాద పెరిగింది, నిజం. నాకు కావాల్సింది మెషీన్‌లో ఒక బటన్. "వేలిముద్ర పడలేదు, సరుకు ఇచ్చాను" అని నమోదు చేసే బటన్.


కోడ్ కూలీ:

డీలర్ గారు అడిగిన బటన్ రాయడానికి పట్టే టైమ్ గురించి మాట్లాడాలంటే నాకు బాధగా ఉంది, ఎందుకంటే నేను చేసే పని ఇదే. హైదరాబాద్‌లో ఐడెంటిటీ వెరిఫికేషన్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. ప్రభుత్వ ప్రాజెక్టు కాదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వేలిముద్ర పోల్చినప్పుడు కంప్యూటర్‌కి అవును, కాదు అని రాదు. ఎంత దగ్గరగా ఉందో చెప్పే ఒక స్కోరు వస్తుంది. ఎంత స్కోరు దాటితే అవును అనాలో ముందే ఒక అంకె పెట్టి ఉంచుతారు. అది జల్లెడ కన్ను లాంటిది. చిన్నది చేస్తే రాయి ఆగుతుంది, దాంతోపాటు గింజా ఆగుతుంది. పెద్దది చేస్తే రెండూ జారతాయి. రెండు రకాల తప్పులూ ఒకేసారి సున్నా అయ్యే అంకె లేదు. కాబట్టి ఆ అంకె పెట్టినవాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు. దొంగ లోపలికి రావడం పెద్ద తప్పా, అసలు మనిషి బయట ఉండిపోవడం పెద్ద తప్పా అన్న నిర్ణయం అది. బ్యాంకు లాకర్‌కి ఒక జవాబు, పది కిలోల బియ్యానికి ఇంకో జవాబు ఉండాలి. రెండింటికీ ఒకే పట్టుదల చూపిస్తే అది ఇంజినీరింగ్ కాదు, పేదవాళ్ల మీద అనుమానం.

రెండోది డాష్‌బోర్డు. ఆధార్ సిస్టమ్‌లో వేలిముద్ర సరిపోలకపోతే 300 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది. ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ఎన్ని లావాదేవీలు ఫెయిలయ్యాయో కనిపిస్తుంది. ఒకే మనిషి పదిసార్లు ప్రయత్నించి పదకొండోసారి సరుకు తీసుకుందా, పదిసార్లూ ప్రయత్నించి ఇంటికి వెళ్లిపోయి మళ్లీ రాలేదా? ఈ రెండూ వేర్వేరుగా చూపించాలని ఎవరైనా అడిగితేనే మనం చూపిస్తాం. స్పెసిఫికేషన్‌లో ఆ లైన్ లేకపోతే, వెనక్కి వెళ్లినావిడ ఏ రిపోర్టులోనూ ఉండదు. కోడ్ రాసేవాడు "నాకు చెప్పింది చేశాను" అంటాడు. కంప్యూటర్ వృత్తిలో ఉన్నవాళ్ల అంతర్జాతీయ సంఘం ఏసీఎం 2018లో తన నీతి నియమావళిని సవరించినప్పుడు, అనుకోకుండా జరిగిన హానిని సరిదిద్దాల్సిన, వీలైనంత తగ్గించాల్సిన బాధ్యత కూడా దానికి కారకులైనవాళ్లదే అని రాసింది. "నాకు చెప్పింది చేశాను" అనే మాట ఆ నియమం ముందు నిలబడదు.

మూడోది, ఇది మన ఒక్కళ్ల సంగతి కాదు. ఒకే మనిషికి రెండు ఆధార్ నంబర్లు రాకుండా వేలిముద్రలు పోల్చే కాంట్రాక్టు 2010లో ఎవరికి ఇచ్చారో చూడండి. యాక్సెంచర్, అమెరికాకి చెందిన ఎల్-1, ఫ్రాన్స్‌కి చెందిన మోర్ఫోతో కలిసి మన మహీంద్రా సత్యం. టెక్నాలజీ అలా బయటి నుంచి లోపలికి వచ్చింది. ఇప్పుడు మన దగ్గర్నుంచి బయటికి వెళ్తోంది. బెంగళూరు ఐఐఐటీలో 2018లో మొదలైన మోసిప్ అనే వేదిక మీద ఫిలిప్పీన్స్, మొరాకో, ఇథియోపియా తమ గుర్తింపు వ్యవస్థలు కట్టుకుంటున్నాయి. ఓపెన్ సోర్స్, మంచి పని, ఆ టీమ్ మీద నాకు గౌరవం ఉంది. కానీ కోడ్ ఎగుమతి అయినంత తేలిగ్గా ఫిర్యాదు పద్ధతి ఎగుమతి కాదు. ఇక్కడ మిరపకూలీ దగ్గర మనం నేర్చుకున్నది రాసిపెట్టకపోతే, ఇథియోపియాలో కాఫీ తోట కూలీ దగ్గర వాళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.


అంగన్‌వాడీ టీచర్:

బియ్యం గురించే మాట్లాడుతున్నారు. మా దగ్గర గర్భిణులకి, పిల్లలకి ఇంటికిచ్చే పోషకాహారం కూడా ఇదే దారిలోకి వచ్చింది. 2025 జూలై 1 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముఖం సరిపోలితేనే ఇవ్వాలి.

ముందు ఆధార్ ఈ-కేవైసీ చెయ్యాలి. దానికి ఓటీపీ వస్తుంది. ఎవరి ఫోన్‌కి? ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌కి. ఆ ఫోన్ బెంగళూరులో సెంట్రింగ్ పని చేసే భర్త జేబులో ఉంటుంది. నా ఫోన్ నుంచి ఆయనకి కాల్ చేస్తాం. ఆయన పైన స్లాబ్ మీద ఉంటాడు, ఎత్తడు. ఎత్తి, మెసేజ్ వెతికి, ఒక్కో అంకె చదివేలోపు ఓటీపీ టైమ్ అయిపోతుంది. మళ్లీ పంపాలి. ఆ అమ్మాయి ఎనిమిదో నెలతో ఆ కుర్చీలో కూర్చుని ఉంటుంది. అది అయ్యాక ముఖం. ఆధార్‌లో ఫొటో స్కూల్లో చదువుకునే రోజుల్లోది. ఇప్పుడు పెళ్లయింది, మనిషి మారింది. వెలుతురు కోసం గుమ్మంలో నిలబెట్టి, తల అటు ఇటు తిప్పించి, కళ్లు ఆర్పించి తీస్తాను. కొందరికి మొదటిసారే వస్తుంది. కొందరికి ఎంతకీ రాదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చెప్తాను. ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 21 శాతం, మగవాళ్లు దాదాపు 49 శాతం. తెలంగాణలో ఆడవాళ్లు 26.5, మగవాళ్లు 58 దగ్గర. ఫోన్లు పెరిగి ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ ఆడవాళ్లకి ఇచ్చే సరుకుని మగవాళ్ల ఫోన్‌కి ముడిపెట్టేటప్పుడు ఈ లెక్క ఎవరూ చూడలేదా?

దొంగతనం గురించి మాట్లాడే అన్నయ్యలకి ఒక్క మాట. నా సెంటర్లో ఉన్న గర్భిణులు ఎవరెవరో నాకు తెలుసు, ఏఎన్‌ఎమ్‌కి తెలుసు, వాళ్ల బరువు మేమే చూస్తాం. వాళ్లు వాళ్లేనని మాకు యాప్ చెప్పాలా?


నల్గొండ రైతుబిడ్డ:

టీచరమ్మా, మీలాంటివాళ్లందరూ నిజాయితీపరులైతే యాప్ అక్కర్లేదు. గుడ్లూ పాలూ లెక్కల్లో ఉండి పిల్లల కంచంలో లేని సెంటర్లు కూడా ఉన్నాయి కదా. నేను మిమ్మల్ని అనట్లేదు.

నా ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. వేలిముద్ర పడకపోయినా ఇచ్చే దారి ఒకటి తెరిస్తే, దొంగ ఆ దారిలోనే వస్తాడు. డీలర్ గారు అడిగిన బటన్ నిజాయితీగల డీలర్ చేతిలో మంచిదే. పక్క ఊరి డీలర్ నెలకి వంద మందికి వేలిముద్ర పడలేదని నొక్కి వంద మంది బియ్యం అమ్ముకుంటాడు. అప్పుడు మళ్లీ పదేళ్ల వెనక్కి పోతాం. ఆ పాత రోజులు చూడనివాళ్లకి ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది.


మెల్‌బోర్న్ తెలుగు:

ఇక్కడ జరిగిందొకటి చెప్తాను. వేలిముద్రల కథ కాదు, కానీ గోదారిగట్టు గారు అడుగుతున్న ప్రశ్న ఇదే.

ఆస్ట్రేలియాలో నిరుద్యోగ భృతి లాంటివి ఇక్కడి ప్రభుత్వ సంస్థ సెంటర్‌లింక్ ఇస్తుంది. ఇక్కడ లెక్కంతా రెండు వారాలకోసారి. 2016 నాటికి పాత చెల్లింపులన్నీ కంప్యూటర్‌తో తిరగతోడే పద్ధతి పెట్టారు, జనం దానికి రోబోడెట్ అని పేరు పెట్టారు. అది చేసిందేమిటంటే, పన్నుల శాఖ దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని తీసుకుని 26 భాగాలు చేసి, ప్రతి రెండు వారాల్లోనూ మీకు అంత ఆదాయం ఉందని అనుకుంది. ఆరు నెలలు పని లేక భృతి తీసుకుని, తర్వాత ఆరు నెలలు ఉద్యోగం చేసిన మనిషికి ఏడాదంతా ఆదాయం ఉన్నట్టు లెక్క వచ్చింది. "భృతి అక్రమంగా తీసుకున్నారు, ఇంత కట్టండి" అని ఉత్తరం. కాదని నిరూపించుకోవాల్సింది ఆ మనిషే. ఎన్నో ఏళ్ల నాటి జీతం స్లిప్పులు తెమ్మన్నారు. మూతపడిన కేఫ్‌లో పనిచేసిన కుర్రాడు స్లిప్పు ఎక్కడ తెస్తాడు?

2019లో ఫెడరల్ కోర్టు కేసులో ఈ పద్ధతి చట్టబద్ధం కాదని ప్రభుత్వమే ఒప్పుకుంది. లక్షల అప్పులు రద్దు చేసి, వసూలు చేసిన డబ్బు వందల మిలియన్ల డాలర్లు వెనక్కి ఇచ్చింది. 2023 జూలైలో దీని మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, రిపోర్టు ఇచ్చింది. మంత్రుల్నీ అధికారుల్నీ పేరు పెట్టి తప్పుబట్టింది. ఈ లోగా కొందరు ప్రాణాలు తీసుకున్నారు, వాళ్ల తల్లులు కమిషన్ ముందు మాట్లాడారు.

ఇంటర్నెట్ ప్రతి ఇంట్లో ఉన్న సంపన్న దేశంలో ఇది జరిగింది. కాబట్టి ఇది ఫోన్లు లేకపోవడం వల్ల, చదువు లేకపోవడం వల్ల వచ్చే సమస్య మాత్రమే కాదు. నిరూపణ భారం కంప్యూటర్ మీద కాకుండా మనిషి మీద పడితే, ఏ దేశంలోనైనా నలిగేది ఆ మనిషే. ఆస్ట్రేలియా వాళ్లకి ఓ కోర్టు, ఓ కమిషన్ దొరికాయి. 2017లో జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో ఆధార్ లింక్ కాలేదని కార్డు రద్దయిన కుటుంబంలో 11 ఏళ్ల పాప చనిపోయింది. అన్నం అడుగుతూ చనిపోయిందని తల్లి, మలేరియా అని ప్రభుత్వం. ఆ తల్లి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. చావుకి కారణం మీద వివాదం ఉండొచ్చు, కార్డు రద్దయిన మాట మీద లేదు.


గోదారిగట్టు:

మెల్‌బోర్న్ గారూ, మీరు చెప్పినదానికి మన దగ్గరే దగ్గరి పోలిక ఉంది. తెలంగాణలో సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ వివిధ శాఖల డేటా కలిపి, ఎవరికి కారుంది, ఎవరికి ఇల్లుంది అని చూసి ఎవరు అర్హులో చెప్తుంది. రాష్ట్రం ఏర్పడ్డాక కొన్నేళ్లలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. నోటీసు ఇవ్వలేదు, ఇంటికొచ్చి చూడలేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దు చేసిన కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్లీ తనిఖీ చెయ్యమని ఆదేశించింది. రిక్షా తొక్కి బతికిన కుటుంబానికి కారు ఉందని సాఫ్ట్‌వేర్ తేల్చిన కేసు పత్రికల్లో వచ్చింది. ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్న మనుషులు మన దగ్గర ఎంతమంది ఉంటారో, డేటా కలిపినవాళ్లకి తెలియకుండా ఉంటుందా?

ఇక నల్గొండ గారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్న, తప్పించుకోను. బటన్ పెడితే దొంగ వాడుకోవచ్చు. అయితే బటన్ నొక్కిన ప్రతిసారీ కార్డు నంబరు, సమయం, మనిషి ఫొటో నమోదవుతాయి. ఏ షాపులో ఎక్కువగా నొక్కుతున్నారో వారం తిరక్కుండానే తెలుస్తుంది. వంద మందికి నొక్కిన షాపుకి ఒక ఉద్యోగి వెళ్లి, అందులో పది ఇళ్లు తిరిగి "బియ్యం అందాయా" అని అడిగితే చాలు. అందలేదంటే ఆ డీలర్ మీద కేసు. ఇప్పుడు జరుగుతున్నదేమిటి? వంద మందిని అనుమానించి, వందమందినీ ఆపి, ఎవరు దొంగో కనుక్కునే పని ఎవరూ చెయ్యట్లేదు. తనిఖీ చేసే కష్టం ప్రభుత్వం పడాలి. ఆకలి కష్టం ఆవిడ పడకూడదు.

పది కిలోలు తప్పుడు మనిషికి వెళ్తే ప్రభుత్వానికి వచ్చే నష్టం కొన్ని వందల రూపాయలు, తర్వాత వసూలు చేసుకోవచ్చు. అవే పది కిలోలు అసలు మనిషికి అందకపోతే ఆ నెల మళ్లీ రాదు. ఈ రెండు తప్పులూ సమానం కావు. నేను పట్టుబట్టేది ఈ ఒక్క దగ్గరే.


కర్నూలు లాయర్:

చర్చ బాగుంది కానీ, ఇందులో సగం ఇప్పటికే రాతపూర్వకంగా ఉంది. అది చెప్పి వెళ్తాను.

2017 అక్టోబర్ 24న కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలన్నిటికీ ఉత్తర్వు పంపింది. ఆధార్ లేదన్న ఒక్క కారణంతో కార్డు తీసెయ్యకూడదు. నెట్‌వర్క్ వల్ల గానీ వేలిముద్ర వల్ల గానీ మెషీన్ ఒప్పుకోకపోతే, కార్డు చూసి సరుకు ఇచ్చి, విడిగా రిజిస్టర్‌లో రాయాలి. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26న ఆధార్ తీర్పులో సంక్షేమ పథకాలకి ఆధార్ అడిగే, ఆధార్ చట్టంలోని సెక్షన్ 7ని సమర్థించిన మాట నిజమే. కానీ వేలిముద్ర పడలేదని హక్కు పోతుందని ఆ తీర్పు చెప్పలేదు. వేరే పద్ధతిలో గుర్తించి ఇవ్వాలన్నది ప్రభుత్వం కోర్టుకి చెప్పుకున్న మాటే.

దానికంటే గట్టిది 2013 ఆహార భద్రత చట్టం. సెక్షన్ 8 ప్రకారం, రావాల్సిన ధాన్యం ఇవ్వకపోతే రాష్ట్ర ప్రభుత్వం ఆహార భద్రత భత్యం డబ్బుగా చెల్లించాలి. 2015లో దానికి రూల్స్ కూడా వచ్చాయి, మద్దతు ధర మీద లెక్క కడతారు. గోదారిగట్టు గారు కోరుకున్న "నష్టం సిస్టమ్ పెట్టినవాళ్లు భరించాలి" అన్నది చట్టంలో ఉన్నట్టే.

చిక్కెక్కడంటే, ఆ నెల షాపుకి రాని మనిషికి భత్యం లేదని రూల్స్‌లో ఉంది. వచ్చానని ఆవిడ ఎలా నిరూపించుకోవాలి? ఇక్కడే కోడ్ కూలీ గారు చెప్పిన 300 ఎర్రర్ పనికొస్తుంది. వేలిముద్ర ఫెయిల్ అయిందంటే ఆ మనిషి కార్డు నంబరు మీద, ఆ షాపులో, ఆ నిమిషంలో ఎవరో వేలు పెట్టారన్న రికార్డు ఉన్నట్టే. సరుకు ఇవ్వడానికి పనికిరాదన్న ఆ మెషీనే, ఆవిడ వచ్చిందని సాక్ష్యం చెప్తుంది. ఫిర్యాదు రాసేటప్పుడు ఆ నెల ఫెయిలైన ప్రయత్నాల వివరాలు కావాలని అడగండి. ముందు 1967కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, తర్వాత జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి అర్జీ పెట్టండి. ఆ బాధ్యత సాధారణంగా జాయింట్ కలెక్టర్ లేదా అదనపు కలెక్టర్ చూస్తారు.


చౌకదుకాణం:

లాయర్ గారూ, 2017 ఉత్తర్వు గురించి విన్నాను. నా దగ్గర రిజిస్టర్ ఉంది, రాస్తాను. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ రిజిస్టర్‌ని ఒప్పుకోకుండా మెషీన్ బ్యాలెన్సే చూస్తే నేనేం చెయ్యాలి?


కర్నూలు లాయర్:

రాసిన ప్రతి పేరుకీ ఆ మనిషి సంతకమో నిశానో పెట్టించండి, పక్కన వార్డు మెంబరు లాంటి సాక్షి సంతకం తీసుకోండి. నెల చివర ఆ పేజీ జెరాక్స్ తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదు ఉంటే కేసు పెట్టడం అంత తేలిక కాదు. అయినా స్టాకు లెక్కలో ఆ కిలోలు తగ్గించమని పైనుంచి రాతపూర్వకంగా రాకుండా మీకు పూర్తి భద్రత ఉందని నేను చెప్పలేను.


నల్గొండ రైతుబిడ్డ:

ఫొటోతో, ఇల్లిల్లూ తిరిగే తనిఖీతో అయితే ఆ బటన్‌కి నేను అడ్డం చెప్పను. తనిఖీ లేకుండా బటన్ ఒక్కటే వస్తే మాత్రం మొదట వ్యతిరేకించేది నేనే. అర్జీలో రెండూ కలిపి రాయండి, విడదీయొద్దు.


గోదారిగట్టు:

కలిపే రాస్తాను. అర్జీ రెండు రాష్ట్రాల పౌర సరఫరాల కమిషనర్లకి. అందులో నాలుగు కోరుతున్నాం. వేలిముద్ర పడనప్పుడు సరుకు ఇచ్చినట్టు మెషీన్‌లోనే నమోదు, ఆ కిలోలు డీలర్ స్టాకులో అప్పుడే తగ్గడం. ఆ నమోదుల్లో కొన్నిటిని నెలనెలా ఇంటికెళ్లి తనిఖీ చెయ్యడం. ప్రతి షాపులో ఎంతమంది ప్రయత్నించి సరుకు లేకుండా వెళ్లారో నెలకోసారి పంచాయతీ బోర్డు మీద పెట్టడం. అలా వెళ్లినవాళ్లకి అడగకుండానే సెక్షన్ 8 భత్యం లెక్కగట్టడం.

చౌకదుకాణం గారూ, మీ రిజిస్టర్‌లో గత నెల ఎంతమంది ఉన్నారో పేర్లు లేకుండా అంకె చెప్తే అర్జీలో చేరుస్తాను. టీచరమ్మా, పోషణ్ ట్రాకర్‌ది వేరే శాఖ, దానికి ఇంకో అర్జీ కావాలి. ఓటీపీ గురించి మీరు పైన రాసిన పేరా అందులో యథాతథంగా పెట్టుకోవచ్చా?


అంగన్‌వాడీ టీచర్:

పెట్టుకోండి. కాకపోతే నా జిల్లా పేరు రాయొద్దు. ఎనిమిదో నెల అమ్మాయి సంగతి మాత్రం తీసెయ్యకండి.


చౌకదుకాణం:

రేపు రిజిస్టర్ చూసి అంకె పెడతాను. చెయ్యి అరిగినవాళ్లు, సిగ్నల్ లేనివాళ్లు వేర్వేరుగా రాస్తాను, రెండూ ఒకటి కాదు.